టీ తనే పెట్టుకుంటాడంట

హలో… ఆ, సీతాల్నే. నా ఫోను నేను కాక ఇంకెవులెత్తుతారు?

…బాగానే ఉన్నాను. అక్క ఇంట్లో మూడు పూటలా తింటన్నాను. ఎందుకు చేసినావో అది చెప్పు.

…ఏటి? మారిపోనావా?

…అచ్ఛా. పొద్దున్నే లేస్తన్నావు… పక్క మడతెడతన్నావు… లుంగీ నువ్వే ఉతుక్కుంటన్నావు… ఊఁ, వింటన్నాను… చేపల వేట నుంచి వచ్చి టీ కూడా నువ్వే పెట్టుకుంటన్నావు.

ఎవులు నేర్పినారు ఇవన్నీ?… ఫోన్‌లో వీడియో చూసినావా. రోజుకో చిన్న మార్పా. ఆ వీడియోవాడి పెళ్లాం వాడి దగ్గరే ఉందో లేదో కనుక్కున్నావా?

…నవ్వట్లేదు. నీతో నవ్వేంత చనువు నాకెప్పుడుంది?

…కోపం కూడా తగ్గిందా. ఎలా తగ్గిందేటి?… పులుసులో ఉప్పు లేకపోయినా మాటాడకుండా తినేస్తన్నావు. మరి ఆ రోజు కాగే పులుసు నా మీద ఎత్తి పోసినావే? అప్పుడూ తక్కువైంది ఉప్పే కదా. ఇప్పుడు పోయడానికి పెళ్లాం ఎదురుగా లేదు. దాన్ని కోపం తగ్గడం అంటన్నావు నువ్వు.

…మచ్చ పోలేదు. మెడ మీద అలాగే ఉంది.

నేనూ ఒకటి మార్చుకున్నానులే. ఇదివరకు నీ గొంతు వినపడితే లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు కూర్చునే మాటాడతన్నాను.

…రాను. ఫెర్రీ ఎక్కితే ఎంతసేపని నాకు చెప్పకు. దూరమనా నేను రావట్లేదు?

…ఆగు. ఎవులి మీద అరిచినావిప్పుడు?

…ఎవులూ లేరేటి. గ్లాసు పగిలినట్టు వినపడింది. మీ అమ్మ మీదేనా?

…టీ చల్లారిపోయిందని ముసల్దాని మీద విసిరినావా? టీ నువ్వే పెట్టుకుంటన్నానన్నావు, ఇప్పుడే.

…లుంగీ కూడా ఆవిడే ఉతుకుతుందా?

…బస్, చాలు. ఇంకోటి చెప్పకు. ఫోను అత్తకివ్వు.

…ఇవ్వు. నేను వచ్చేదీ రానిదీ ఆవిడతోనే చెప్తాను.

…అత్తా, సీతాల్ని. తగిలిందా?… చెయ్యి తెగిందా. గుడ్డ కట్టుకో ముందు.

…ఏడవకు, విను. వాడికి తెలీనీకు, ఊఁ అను చాలు. నీ కోకలు సంచీలో పెట్టుకో. రేపు తొలి ఫెర్రీకి వచ్చీ. అది ఆగే చాతం జెట్టీలో నేనుంటాను… అక్క ఏటీ అనదు. ఇల్లు చిన్నదే, సర్దుకుందాం.

…తెలుసు. కన్నకొడుకే. మొగుడే కదా అని నేనూ ఇన్నాళ్లు పడ్డాను.

…వస్తావా?

…గట్టిగా అను, వినపడలేదు.

…ఆ. 

…వాడి టీ సంగతి నీకెందుకు అత్తా? తనే పెట్టుకుంటన్నానని వాడే చెప్పినాడు కదా. ఫోను వాడికివ్వకు. కట్ చేసీ.