రాజమౌళి గారు వేసిన గ్రేడు

ఈ సభకు అధ్యక్షులుగా ఉన్న కృష్ణారావు గారికి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల క్లబ్బుల నుంచి వచ్చిన పెద్దలకు, నన్ను ఓడించిన మిత్రులకు, నా చేతిలో ఓడిన కొద్దిమందికి, ముందు వరుసలో గడియారం చూసుకుంటూ కూర్చున్న నా భార్య శోభారాణికి, ఇంకాసేపట్లో మనం శాలువా కప్పబోయే రాజమౌళి గారికి నమస్కారాలు. అధ్యక్షులవారు నన్ను "కథలాపూర్ దిక్కు గడి దొరవారు" అని పరిచయం చేశారు. సంతోషమే గానీ, నన్ను ఎట్లా పరిచయం చేయాలో చివర్లో నేనే చెబుతాను. సిరిసిల్ల బస్సు చీకటి పడకముందే వెళ్ళిపోతుంది, ఆ తర్వాత తొవ్వలో ఎవరు ఆపుతారో, ఏమడుగుతారో మనకు తెలియనిది కాదు, కాబట్టి క్లుప్తంగానే ముగిస్తాను. (నవ్వులు) శోభా, నువ్వు నవ్వకు, నిజంగనే చెప్తున్న.

సిరిసిల్లలో సొంత సాంచాల మీద బట్ట నేయించే రాజమౌళి గారు ఇన్నేళ్ళుగా మన మూడు ఊళ్ళ బిలియర్డ్స్ పోటీకి ముందు ఒక్కొక్కరి ఆట చూసి గ్రేడు వేస్తూ వచ్చారు. మొదటి గ్రేడు వాడు సున్నా నుంచి ఆడాలి, మూడో గ్రేడు వాడికి వంద పాయింట్ల ఆటలో ముప్పై ముందే ఇస్తారు. ఆయన మనం బంతిని గుంటలో వేసినప్పుడు చూడరు, కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. తప్పినప్పుడు మాత్రం ఇటు తిరిగి, తప్పిన తర్వాత మనం కొట్టే షాట్ చూస్తారు. ఎందుకని ఒకసారి అడిగితే, "సాంచ మంచిగ నడుస్తున్నప్పుడు అందరు పనోళ్ళే. పోగు తెగినంక ఏం జేస్తడో గది జూడాలె" అన్నారు. గ్రేడు సరిగ్గా పడితే ఆఖరి దాకా ఆట తేలకూడదని ఆయన పట్టుదల.

పోటీల కోసం ఆయన తన స్కూటర్ మీద ఎట్లాంటి రోజుల్లో తిరిగారో చెప్పాలి. ఒక బంద్ నాడు వేములవాడ దాటాక పోలీసులు ఆపి, ఆ పొడుగు సంచిలో ఏముందని అడిగారు. బిలియర్డ్స్ కర్ర అంటే ఎస్సై నమ్మలేదు. విప్పించి, దాన్ని అచ్చం తుపాకీలాగే భుజానికి ఆనించి చూశాడట. మనమైతే సంచి అక్కడే వదిలేసి వచ్చేవాళ్ళం. రాజమౌళి గారు, "గట్ల పడితె మూడో గ్రేడు గుడ రాదు సార్" అన్నారట. (నవ్వులు)

ఇక నా సంగతి. మా పొలాల్లో ఎర్రజెండాలు పాతిన ఏడు మేము ఊరు విడిచి కోరుట్లలో కిరాయి ఇంట్లో దిగాం. కోటలాంటి మా గడిలో మా నాన్నగారి కాలం నాటి బిలియర్డ్స్ బల్ల ఒకటి ఉండేది, దాని మీద నేను ఎన్నడూ ఓడలేదు. ఆ ధీమాతో క్లబ్బుకు వచ్చి, నన్ను మొదటి గ్రేడులో వేయమన్నాను. అడగలేదు, వేయమన్నాను. రాజమౌళి గారు నా ఆట చూశారు.

"ఊళ్ళె ఎవలతోటి ఆడేటోళ్ళు దొరా?"

"పట్వారితోటి. ఊరికచ్చిన ఆఫీసర్లతోటి."

"వాళ్ళు ఎన్నడన్న గెలిచిండ్రా?"

"ఎన్నడు గెలువలె."

"అయితె మీరు ఇప్పటిదాక ఆడనే లేదు. మూడో గ్రేడు."

హాలు హాలంతా విన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరు ముందే ఇచ్చే ముప్పై పాయింట్లు నాకెందుకని సున్నా నుంచే ఆడి, జగిత్యాలలో మందుల షాపు నడిపే మన ఓదెలు చేతిలో చిత్తుగా ఓడాను. తర్వాత నెలల తరబడి క్లబ్బు ముఖం చూడలేదు. భూమి పోయినప్పుడు కూడా నాకంత సిగ్గు వేయలేదండి. ఇన్నాళ్ళూ గెలిచినవన్నీ ఉత్తవేనా, నాకు అసలు ఆట వచ్చా, రాదా అన్న ఆలోచన నన్ను తినేసింది. అప్పుడు ఈ శోభారాణే, "ఊరిడిసి అచ్చిన్నాడు గుడ ముద్ద మానలేదు మీరు. ముప్పై పాయింట్లకు మంచం పడతరా? తీస్కొని ఆడుండ్రి" అన్నది.

మరుసటి ఏడు తీసుకుని ఆడాను. ఎదురుగా మళ్ళీ ఓదెలే. ఇద్దరం తొంభై దాటాం, రాజమౌళి గారు కిటికీ వైపు చూడడం మానేశారు, ఆఖరి షాట్ నాది, గెలిచాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు అనుమానం మొదలైంది. ఓదెలును వరండాలోకి తీసుకుపోయి, "నిజం జెప్పు, నా మొఖం జూసి ఓడినవా?" అని అడిగాను. ఓదెలుకు కోపమొచ్చింది. "మీ మొఖం జూసి నేనెందుకు ఓడుత దొరా? నాకద్దా కప్పు? ఇంటికి పోతె నా పెండ్లాం ఏమంటదో మీకేం ఎరుక!" (నవ్వులు, చప్పట్లు) ఓదెలూ, తల దించుకోకు. యాభై దగ్గర పడ్డ మనిషిని, జీవితంలో మొట్టమొదటిసారి గెలిచానని నీ కోపం చూశాకే నాకు నమ్మకం కలిగింది. ఆ తర్వాత ఎన్నో పోటీలు ఆడి రెండో గ్రేడుకు ఎక్కాను.

కళ్ళు సరిగ్గా ఆనడం లేదని రాజమౌళి గారు ఈ పని మానుకుంటున్నారు. ఈ పొద్దున చివరిసారిగా నా ఆట చూడమని నేనే అడిగాను. బల్ల పక్కకే కుర్చీ లాక్కుని, బంతికి బంతి తగిలే చప్పుడు వింటూ కూర్చున్నారు. పక్కనే ఉన్న కృష్ణారావు గారు, "ఇయ్యాల మీ సన్మానం గదా, దొర పెద్దమనిషి, మొదటి గ్రేడుకు ఎక్కియ్యరాదుండ్రి" అని మెల్లగా అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. మా గడిలో పట్వారీది కూడా మంచి మనసే. రాజమౌళి గారు ఒప్పుకోలేదు. "కన్ను మసకేసింది గని చెవు మంచిగనే ఉన్నది. తప్పినంక దొరకు ఇంక తొందర పోలె. రెండో గ్రేడే" అన్నారు.

నా పేరు, భూమి, గడి, అన్నీ పుట్టేసరికే ఉన్నాయి. ఈ రెండో గ్రేడు మాత్రం నేను ఆడి తెచ్చుకున్నాను, అందులో ఒక్క పాయింటు కూడా ఎవరూ నాకు భయపడి ఇచ్చింది కాదు. రాజమౌళి గారూ, నా లెక్క నాకు నిజంగా చెప్పిన మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. కృష్ణారావు గారూ, ఇక మీదట ఏ సభలోనైనా నన్ను పిలవాల్సి వస్తే గడి దొర అనకండి. కోరుట్ల క్లబ్బు రెండో గ్రేడు ఆటగాడు జగన్మోహన్ రావు అనండి. ఆ గ్రేడు ఎవరు వేశారని ఎవరైనా అడిగితే సిరిసిల్ల రాజమౌళి అని చెప్పండి, ఇక మారు మాట్లాడరు. సెలవు.