వెలగని ఆయిల్ లైటు

నన్ను అందరూ గేజీ మేస్త్రీ అంటారు. అసలు పేరు మీరు పై గడిలో రాసుకున్నారు. ఆ పేరుతో మా వీధిలో వాకబు చేస్తే మా ఆవిడే "అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరండీ" అంటుంది. వయసు యాభై ఏడు. చదువు ఏడో తరగతి. కార్ల ఇంజిన్లు విప్పి బాగుచేసి బిగించడం నా పని. ముప్పై నాలుగేళ్లుగా అదే షెడ్డు, అదే పని. ఈ రోజు ఇరవై నాలుగో తేదీ ఉదయం పది గంటల పది నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట ఇది చెబుతున్నాను. నిన్న నన్ను పిలిచింది కారు చూడడానికి. ఇవాళ ఎవరూ పిలవలేదు, నేనే వచ్చాను.

ఇరవై ఒకటిన పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు వంతెన దిగే మలుపులో గోడను గుద్దిన తెల్ల కారు గురించి చెప్పాలి. అది అద్దె కారు. నడిపింది మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త. వెనక సీట్లో ఉన్న కుట్టుపని ఆవిడకు కుడి మణికట్టు విరిగింది. ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్ర లైటు వెలుగుతున్నా లెక్కచేయకుండా నడిపాడని, అందుకే ఇంజిన్ తిరగకుండా పట్టేసి కారు అదుపు తప్పిందని తోడల్లుడి మీద కేసు పెట్టారు. లైసెన్సు పోతుందంటున్నారు. ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. స్టీరింగు పట్టుకోవడం తప్ప వేరే పని రాదు.

ఆ ఇంజిన్ నేను బాగుచేసిందే. ఈ నెల మూడో తేదీన పని ముగిసింది. కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ పంపు వేశాను. విప్పి బిగించిన ఇంజిన్‌ను నేను వెంటనే స్టార్ట్ చేయను. లోపల ఆయిల్ ఎక్కకుండా తిప్పితే కొత్త బేరింగులు నిమిషంలో గీరుకుపోతాయి. అందుకని ఇంజిన్ అంటుకోకుండా ప్లగ్గులు తీసేస్తాను. ఆయిల్ లైటుకు కబురు పంపే చిన్న స్విచ్చి ఒకటి ఇంజిన్ పక్కన ఉంటుంది. దాని తీగ ఊడదీసి, స్విచ్చి విప్పి, ఆ రంధ్రంలో ఆయిల్ ఒత్తిడి కొలిచే నా గేజీ బిగిస్తాను. ముల్లు లేచేదాకా వట్టిగా తిప్పుతాను. నాకు ఆ పేరు వచ్చింది అందుకే.

ఆ రోజు పదకొండు గంటలకు తిప్పితే ముల్లు కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. కారు ఓనరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఒక్కసారి స్టార్ట్ చేసెయ్ మేస్త్రీ, అదే ఎక్కుతుంది" అన్నాడు. "ఇంజిన్ మీదే గానీ చెయ్యి నాది. కాసేపు ఊరుకోండి" అన్నాను. కొత్త పంపు ఎండి ఉంటే ఆయిల్‌ను లాగలేదు, గాలి మింగుతుంది. ఫిల్టరు విప్పి దాని నిండా ఆయిల్ పోశాను. పంపు దారిలోకి కూడా పోశాను. మూడోసారి తిప్పగానే ముల్లు లేచింది, నలభై దాటి నిలబడింది. ఓనరు కుర్చీలోంచి లేచి మరీ చూశాడు. నాకు చాలా సంతోషం వేసింది, అందులో దాపరికం లేదు.

తర్వాత లీకులు చూశాను. ఇంజిన్ కడిగి, తుడిచి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు దాని మీద చల్లుతాను. అరగంట ఇంజిన్ నడిపితే ఎక్కడ చెమ్మ ఉందో అక్కడ పౌడరు మీద నల్లటి చార దిగుతుంది. ఆ చార పైకొసన ఉంటుంది దొంగ. మా ఆవిడ కంటే పౌడరు డబ్బాలు నేనే ఎక్కువ ఖర్చుచేస్తానని మా ఇంట్లో ఎగతాళి. ఆ రోజు పైమూత మూలన ఒక చార కనిపించింది. రబ్బరు మార్చాను. గేజీ తీసి స్విచ్చి మళ్లీ బిగించి, పౌడరు చల్లి ఇంకోసారి నడిపాను. ఎక్కడా చెమ్మ లేదు. కింద తెల్ల కాగితం పరిచి రెండు గంటలు ఉంచాను. ఒక్క చుక్క పడలేదు. ఆ కాగితం ఇదిగో, తెచ్చాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మిగతా మేస్త్రీలు స్విచ్చి బిగించగానే తీగ తగిలించేస్తారు. నేను తగిలించను. తీగ అడ్డముంటే స్విచ్చి మొదలు చుట్టూ పౌడరు సరిగా అంటదు. అందుకని అన్నీ చూసుకున్నాక చిట్టచివర తగిలిస్తాను. మరిచిపోకుండా స్టీరింగుకు ఒక ఎర్రగుడ్డ కడతాను. పాత దుప్పటి చింపిన ముక్క అది. ఏ తీగ ఊడి ఉన్నా, ఏ గొట్టం ఊడి ఉన్నా ఆ గుడ్డ స్టీరింగు మీద ఉండాల్సిందే. ఇన్నేళ్లలో ఆ గుడ్డ నన్ను మోసం చేయలేదు.

ఇరవై ఒకటి ఉదయం తొమ్మిదిన్నరకు ఓనరు ఆ కారును పెట్రోలు బంకు పక్కన ఆయిల్ మార్చే చోటికి పంపాడు. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని నేనే చెప్పాను, కాని నా దగ్గరికి తెమ్మన్నాను. బంకు దారిలోనే ఉందని అక్కడ మార్పించాడు. రెండు గంటల తర్వాత ప్రమాదం జరిగింది.

ఆ సాయంత్రం నాలుగింటికి ఓనరు నా షెడ్డుకు వచ్చాడు. తోడల్లుడు కూడా వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చొక్కా మీద ఇంకా గాజుపొడి ఉంది.

"తమ్ముడూ, లైటు వెలగలేదు. టకటకమని చప్పుడొచ్చింది, పక్కకు తీసేలోపే పట్టేసింది" అన్నాడు.

"నేను బిగించిన ఇంజిన్‌లో ఆయిల్ తగ్గితే లైటు వెలగకుండా ఎలా ఉంటుందన్నయ్యా? నువ్వు ఎటు చూస్తున్నావో అది చెప్పు" అన్నాను.

ఆయన మళ్లీ "లైటు వెలగలేదు" అన్నాడు. అంతే అన్నాడు. నేను ఓనరు వైపు తిరిగి, "లైటు వెలిగే ఉంటుంది. రాసుకోండి, నా మాటగా రాసుకోండి" అన్నాను. ఓనరు రాసుకున్నాడు. ఓనరు మీకిచ్చిన ఫిర్యాదులో మూడో వరుస నా మాటే.

నిన్న ఇరవై మూడున పది గంటలకు మీ ఆవరణలో కారు చూశాను. మీ కానిస్టేబులు చెట్టు నీడన కుర్చీలో ఉన్నాడు, నా వైపు చూడడం లేదు. ఇంజిన్ పట్టేసింది కాబట్టి నడిపి చూడడం కుదరదు. స్విచ్చి విప్పి ఆ రంధ్రంలోంచి చేతిపంపుతో లోపలికి ఆయిల్ కొట్టి, పౌడరు మీద చార ఎక్కడ దిగుతుందో చూద్దామనుకున్నాను. స్విచ్చి విప్పాలంటే ముందు దాని తీగ ఊడదీయాలి. చెయ్యి పెట్టాను. తీగ లేదు. వంగి చూస్తే పక్క గొట్టం వెనక దోపి ఉంది. తీగ కొసను లోపలికి మడిచి దోపడం నా అలవాటు. ఇంకెవరూ అలా దోపరు.

తర్వాత పని కానిచ్చాను. లీకు ఫిల్టరు దగ్గర దొరికింది. ఆయిల్ మార్చినవాళ్లు పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు చుట్టు ఇంజిన్‌కే అంటుకుపోయింది. చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగించారు. రెండు చుట్లు ఒకదాని మీద ఒకటి పడితే నిలవవు. లీకు నాది కాదు. ఏ నిపుణుణ్ని పిలిచి చూపించుకున్నా ఇదే చెబుతాడు.

లైటు మాత్రం నాది. తీగ ఊడి ఉంటే ఆయిల్ మొత్తం పోయినా లైటు వెలగదు. తాళం తిప్పినప్పుడు క్షణం సేపు వెలగాల్సింది కూడా వెలగదు. అది డ్రైవరు గమనించొద్దా అని మీరు అడిగారు. వెలిగిన లైటును ఎవరైనా చూస్తారు. వెలగని లైటును ఎవరు చూస్తారండీ? మూడో తేదీన ఆ కారును వీధి చివరిదాకా నడిపి చూసింది నేనే, నేనూ చూడలేదు.

గుడ్డ ఏమైందో నిన్న ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది. మూడో తేదీ సాయంత్రం నాలుగూ ఇరవైకి, తీగ తగిలించబోతుంటే ఓనరు "ఆయిల్ ఎలా ఉందో చూపించు మేస్త్రీ" అన్నాడు. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి లాగాను. తుడవడానికి చేతికి ఏమీ అందలేదు. స్టీరింగు మీది ఎర్రగుడ్డ విప్పి దానితోనే తుడిచాను. తేనెలా ఉంది ఆయిల్. వెలుగులోకి ఎత్తి చూపించాను. "చూడండి, ఇదీ పనంటే" అన్నాను. గుడ్డ జేబులో పెట్టుకున్నాను. కారును వీధి చివరిదాకా ఒకసారి నడిపి తాళం చేతికిచ్చాను. గుడ్డ మా ఆవిడ ఉతికేసింది, అయినా మరక పోలేదు. అది కూడా ఈ కవరులో ఉంది, తీసుకోండి.

నిన్న కానిస్టేబులు అటు తిరిగి ఉన్నప్పుడు ఆ తీగను ఒక్క వేలితో తగిలించేయగలిగేవాణ్ణి. టక్కుమని ఒక చప్పుడు, అంతే. నేను తగిలించలేదు. అది గొట్టం వెనక అలాగే దోపి ఉంది. ఎవరూ చెయ్యి పెట్టకముందే వెళ్లి ఫొటో తీయించండి.

నిన్న సాయంత్రం ఆరింటికి తోడల్లుడి ఇంటికి వెళ్లాను. వదిన తలుపు తీసింది గాని లోపలికి రమ్మనలేదు. ఆయన మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. అంతా చెప్పాను. తప్పు నాదే అన్నయ్యా అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. "నాకు తెలిసిందే కదా తమ్ముడూ ఇది. తెలియనివాళ్లకు పోయి చెప్పు" అన్నాడు. అందుకే వచ్చాను.

ఫిర్యాదులో మూడో వరుస నేను చూడకుండా చెప్పింది, దాన్ని కొట్టేయండి. ఇప్పుడు చెప్పిందంతా కళ్లతో చూసి, చేత్తో తాకి చెప్పింది. కానిస్టేబులు చదివి వినిపించగా విన్నాను, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. ఇంజిన్ పని నేను సరిగానే చేశాను. తీగ తగిలించలేదు. లైటు వెలగలేదు.

(సంతకం) గేజీ మేస్త్రీ