పద్నాలుగు పాయింట్ ఏడు

నన్నలా చూస్తే ఏం లాభం మాస్టారూ, ఆ మీటరు ముల్లుని చూడండి. ఇంజను చచ్చిపోయినా పెట్రోలు చాలట్లేదనే చెబుతోంది. దానికి సిగ్గుందా?

వెనకవాడు హారను కొడితే కొట్టుకోనివ్వండి. వంతెన మధ్యలో ఆగాలని మనకేమన్నా సరదానా? మీ అమ్మాయి సంగతి బెంగపెట్టుకోకండి. పాలవ్యానెక్కింది కదా, రైలు అందుతుంది. రేపు పొద్దున కొత్త ఉద్యోగంలో చేరిపోతుంది. ముందు మొహం తుడుచుకోండి. ఆ చేత్తో కాదు, దానికీ మసే.

అసలు మీటరు కావాలన్నదెవరు? బ్యాటరీలూ హారన్లూ బిగించుకు బతికేవాణ్ణి, మీ కారులో పెట్రోలు వాసన కొడుతోందని మాటవరసకన్నాను. వాసన అంటే ఎంత అనడిగారు మీరు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నోరాయె. వాసనకి అంకె నేనెక్కణ్ణుంచి తేను?

అందుకే వైడ్‌బ్యాండ్ మీటరు సంగతి చెప్పాను. పొగగొట్టంలో దాని సెన్సరు పెడితే, ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ళ గాలి పడుతోందో చెప్పేస్తుందని. మామూలు సెన్సరు ఎక్కువా తక్కువా అని ఊరుకుంటుంది, ఇది ఎంతో చెబుతుంది. పద్నాలుగు పాయింట్ ఏడుంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. ఆ పాయింట్ ఏడు వినగానే మీ కళ్ళు వెలిగాయి.

కొట్లో మీరేమో అంకెల మీటరు పట్టుకున్నారు, నేను ముల్లున్నది పట్టుకున్నాను. ముల్లలా సన్నగా వణుకుతుంటే, ఎవరైనా మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు లోపల మనకి... సరే, అది వదిలేయండి. ముల్లుదే బాగుందంది మీ అమ్మాయి. ఇక ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు. పొగగొట్టానికి చిల్లు పెడుతూ కూడా పాట పాడుకున్నాను.

ఆ తర్వాత మీ ఇల్లేమైందో మర్చిపోయారా? సెన్సరు వేడెక్కడానికి అర నిమిషం పడుతుందంటే, ఇంట్లో అందరినీ పరీక్ష హాల్లోలా నోరు మూయించారు. గేరుకో గ్రాఫు గీసి ఫ్రిజ్ మీద అంటించారు. అమ్మగారు కూరలో ఉప్పు తగ్గిందంటే ఎంత తగ్గిందో చెప్పమన్నారు. పాపం, ఆవిడ గరిటె కింద పెట్టి వెళ్ళిపోయారు.

ముల్లు పదిహేడు చూపించిందని కార్బురేటరు స్క్రూ మీరే తిప్పారు, పెట్రోలు పెంచారు. మర్నాడు మళ్ళీ పెంచారు. వెనక బొగ్గుల బట్టీలా నల్లపొగ. పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లు మళ్ళీ ఉతుక్కుంది. మీరు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, ఇంకా పెట్రోలు చాలట్లేదోయ్ అన్నారు. పొగ కంటికి కనబడుతోంది కదా నాన్నా అని మీ అమ్మాయి అంటే, కన్ను పొరబడుతుంది, అంకె పొరబడదు అన్నారు. ఇవాళ ప్లగ్గులు మసిపట్టి ఊపిరాడక ఆగిపోయాయి. వాటి తప్పేం లేదు.

అంకె కూడా పొరబడలేదు మాస్టారూ. దాన్ని మోసం చేసింది నేను.

చెప్పేస్తున్నాను. తిరుగు ప్రయాణంలో మీ అమ్మాయిని నాకిస్తారా అని అడుగుదామనుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నది అందుకే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? మసి మొహం పెట్టుకునా?

మీటరు బిగించిన మొదటి రోజే ముల్లు పద్నాలుగు పాయింట్ ఏడు మీద గుడ్లు పెడుతున్న కోడిలా కదలకుండా కూచుంది. కారుకి ఏ జబ్బూ లేదు. వాసన కూడా డిక్కీలో మూత సరిగ్గా బిగించని పెట్రోలు డబ్బాది. మీరు నా భుజం తట్టి, ఇంక నువ్వు రానక్కర్లేదోయ్ అన్నారు. రానక్కర్లేకపోతే నేనేమైపోవాలి?

చూసొస్తానని కారు కిందికి దూరాను. సెన్సరుకి ముందు పొగగొట్టానికి ఒక అతుకు ఉంటుంది, దాని నట్లు రెండూ కాస్త వదులు చేశాను. బయటి గాలి లోపలికి చొరబడింది. సెన్సరు పిచ్చిది, గాలెక్కువైంది, పెట్రోలు చాలట్లేదు అంది. ముల్లు పదిహేడుకి పోయింది. మీరు, రేపు కూడా రావోయ్ అన్నారు. మూడు వారాలు వచ్చాను. స్క్రూ మీరంతలా తిప్పేస్తారని నేను కలగన్నానా?

అలా పళ్ళు కొరక్కండి, ఇంకొక్కటుంది.

ఇందాక వ్యాన్ ఎక్కబోతూ మీ అమ్మాయి నా వైపు కిటికీ దగ్గర వంగింది చూశారా? జాగ్రత్తలు చెబుతోందనుకుని ఉంటారు. "ఇక నేనుండను కదా, ఆ నట్లు బిగించెయ్," అంది.

తనకెప్పట్నుంచి తెలుసో నాకు తెలీదు. తెలిసీ ఇన్నాళ్ళు మీకెందుకు చెప్పలేదో అంతకన్నా తెలీదు. వ్యాన్ వెళ్ళినప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను, అందుకే నవ్వొస్తోంది, మిమ్మల్ని చూసి కాదు.

మీ కాళ్ళ దగ్గర పదమూడో నంబరు పానా ఉంది, ఇటివ్వండి, నట్లు బిగిస్తాను. కొడతానంటారా, కొట్టండి. కానీ ముందు కారు పక్కకి తోద్దాం రండి, వెనకవాడు దిగి వస్తున్నాడు.