మూడో బల్ల మీది మంద్రస్వరం

ఒకప్పటి జూన్ మూడో తేదీ ఆదివారం ఉదయం, ఇంకా ఇరవై ఏళ్ళయినా నిండని వయస్సులో, మన మెన్నొనైట్ క్రైస్తవ సంఘ గాన నిర్వాహకురాలిగా బాధ్యతలు స్వీకరించి, నలభై ఏళ్ళకు పైగా అవిచ్ఛిన్నంగా ఆ సేవ నిర్వహించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న అక్కయ్యగారికి మన సంఘ పత్రిక తాజా సంచిక సవినయంగా సమర్పితం. పిన్నలకూ పెద్దలకూ ఆమె అక్కయ్యగారే.

ఆయుధం పట్టబోమని పుట్టిన ఊరు విడిచి వచ్చిన కొన్ని కుటుంబాలు ఒక విత్తనాల గిడ్డంగిలో ప్రారంభించిన సంఘం మనది. వాయిద్యం లేకుండా నాలుగు స్వరాలలో పాడటం, సంఘ పెద్దగారు "సమాధానంతో వెళ్ళండి" అని, అంటే మనశ్శాంతితో వెళ్ళండని, సెలవిచ్చేదాకా ఎవరూ బల్ల మీంచి లేవకపోవడం ఆనాటి నుంచీ వస్తున్న నియమాలు. మొదటి నియమాన్ని అక్కయ్యగారు కంటికి రెప్పలా కాపాడారు. పిండిమర యజమాని గొంతు విప్పితే వెనక వరుసలు హడలిపోయే రోజుల్లో, ఆమె ఏళ్ళ తరబడి ఓర్పుతో ఆయనను దారికి తెచ్చారు. పూర్తిగా వచ్చారని ఇప్పటికీ చెప్పలేం.

మనం కూర్చునే బల్లలన్నీ ఆమె అన్నగారి చేతి పని. ఆయన వడ్రంగి, మంద్రస్వరంలో సాటిలేని గాయకుడు. యుద్ధం వచ్చినప్పుడు ఆయన సైన్యంలో చేరారు. సంఘమంతా లేచి నిలబడి ఆయనను వెలివేసింది. ఆరాధన మధ్యలోనే ఆయన మూడో బల్ల మీంచి లేచి వెళ్ళిపోయారు. ఆ కలవరంలో సెలవివ్వాలని ఎవరికీ తట్టలేదు. యుద్ధం నుంచి ఆయన మరణవార్త మాత్రమే వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం అక్కయ్యగారు శ్రుతి ఇవ్వగానే, ఖాళీగా ఉన్న మూడో బల్ల మీంచి మంద్రస్వరం అందుకుంది. అందరూ విన్నారు. తల్లులు పిల్లలను ఆ బల్లకు దూరంగా కూర్చోబెట్టారు. ఈ సంగతులేవీ తెలియని కొత్త పోస్టుమాస్టరు ఒకనాడు అక్కడే కూర్చుని, ఆరాధన ముగిశాక అక్కయ్యగారి దగ్గరకు వచ్చి, "నా పక్కన కూర్చున్నాయన బాగా పాడారండీ. కానీ పాట మొదలైన దగ్గర్నుంచీ ఆయన ఊపిరి తీసుకోలేదేంటి?" అని అడిగారు. అక్కయ్యగారు ఆయనను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు.

వివాహమైనా, అనారోగ్యం చేసినా ఆమె ఒక్క ఆదివారమూ మానకపోవడాన్ని మనం కర్తవ్యనిష్ఠ అని మెచ్చుకున్నాం. అన్నగారికి శ్రుతి ఇచ్చేవారు లేకపోతే ఎలా అన్నదే ఆమె బెంగ. ఇటీవల గొంతు పాడయింది, వైద్యుడు ఇక పాడవద్దన్నాడు. ఆమె పెద్దగారి వద్దకు వెళ్ళి అన్నగారికి సెలవివ్వమని ప్రార్థించారు. వెలివేసినవారిని, అందులోనూ మరణించినవారిని, తిరిగి చేర్చుకునే పద్ధతి సంఘంలో లేదని పెద్దగారు విచారంగా చెప్పారు.

"లోపలికి రానివ్వమని అడగట్లేదండీ," అన్నారు అక్కయ్యగారు. "బయటికి వెళ్ళనివ్వమంటున్నాను. నేను శ్రుతి ఇవ్వడం మానేశాక తనకు పాట కూడా ఉండదు. అన్నయ్య ఒక్కడే అక్కడ కూర్చుండిపోతాడు."



గత ఆదివారం, చివరి పాటకు ముందు, ఆయన మూడో బల్ల దగ్గరకు నడిచి వెళ్ళి, "సమాధానంతో వెళ్ళు నాయనా" అన్నారు. బరువైన మనిషి లేచినట్టు బల్ల కిర్రుమంది. ఆ వరుసలో ఉన్నవారు, ఎవరూ చెప్పకుండానే, మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చారు. అక్కయ్యగారు శ్రుతి ఇచ్చారు. మంద్రస్వరం వినబడక పాటకు అడుగు లేనట్టయింది. ఆమె కన్నీళ్ళు తుడుచుకోకుండానే చివరి చరణం దాకా నడిపించారు. అన్నగారు వెళ్ళినందుకు సంతోషమో, ఇక వినబడనందుకు దుఃఖమో ఆమెకే తెలియలేదట.

అక్కయ్యగారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల సందడిలో, నిండు నూరేళ్ళూ మన మధ్య ఉండాలని ఆకాంక్షిస్తున్నాం. ఆమె మనల్ని విడిచి వెళ్ళే రోజు ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ఆనాడు సెలవివ్వడం మాత్రం మరచిపోబోమని ఈ సందర్భంగా మాట ఇస్తున్నాం.