లైకుల డాక్టరు పీకిన పన్ను

లైకుల డాక్టరు టీ కప్పు అందుకున్నాడంటే మిగతా పళ్ల డాక్టర్లు కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. ఆ మధ్యాహ్నం సంఘం హాలు వరండాలో మాత్రం ఆయన ఊరికే కోతలు కోయడం లేదు. వార్షిక సభలో ప్రసంగించేదెవరో ఆ రోజే తేలుతుంది, తేల్చే పెద్ద డాక్టరుగారు ఎదురుగానే కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నారు. ఆ వేదిక ఎక్కాలని లైకుల డాక్టరుకి ఏళ్ల తరబడి ఆశ. ప్రతిసారీ ఎవరో ఒకరు ఎగరేసుకుపోతున్నారు.

"పెద్ద సంగతేం కాదు సార్," అని మొదలుపెట్టాడు. "మొన్న ఒక జ్ఞానదంతం పీకాను. దవడలో అడ్డంగా పడుకుని ఉంది. పట్టకారు పెట్టి బుజ్జగిస్తే వచ్చేసింది. ఆ ఎక్స్‌రే మన గ్రూపులో పెట్టాను, అంతే."

అంతేనా, అన్నారెవరో. అంతే అయితే ఆయన లైకుల డాక్టరెందుకవుతాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పన్నయితే వచ్చింది గానీ వేరు తెగదే. నర్సు పన్ను పట్టుకుని తలుపు దాటింది, మెట్లు దిగింది, వీధి మలుపు తిరిగింది, నేనిక్కడ లాగుతూనే ఉన్నాను, వేరు వస్తూనే ఉంది. పేషెంటు మోకాలి నొప్పి కూడా దాంతోనే పోయిందండీ, అక్కడిదాకా పాకింది మరి."

మత్తు సూది ఎంతిచ్చావని ఒకాయన అడిగాడు. సూదెందుకు, నా మాటలకే మత్తెక్కింది అన్నాడు. ఆ ఒక్కటీ నమ్ముతాం అన్నారందరూ.

ఇక పోస్టు సంగతి ఎత్తుకున్నాడు. లైకులు వచ్చి పడుతుంటే ఫోను కాలిపోయిందట, ఆ వేడి మీదే పనిముట్లన్నీ శుద్ధి చేసేసుకున్నాడట. దేశదేశాల డాక్టర్లు డ్రిల్లు పేషెంటు నోట్లోనే వదిలేసి లైకు కొట్టడానికి పరిగెత్తారట, ఆయన జవాబిచ్చేదాకా ప్రపంచంలో తెరిచిన నోరు ఒక్కటీ మూతపడలేదట. ఒకరి ఫిల్లింగుని ఒకరు మెచ్చుకుని ఎరగని మన గ్రూపువాళ్లు కూడా ఆనందంతో వెక్కివెక్కి ఏడ్చారట.

నవ్వలేక అందరికీ పొట్టలు చెక్కలవుతున్నాయి. పెద్ద డాక్టరుగారు కూడా నవ్వుతున్నారు. ఇంకేం, వేదిక ఖాయమనుకుని లైకుల డాక్టరు గాల్లో తేలిపోయాడు. ఆ ఊపులో ఫోను తీసి ఎక్స్‌రేని ఆయన చేతికే ఇచ్చాడు.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. పక్కనే కూర్చున్న ఆయన కోడలు, ఆవిడా పళ్ల డాక్టరే, తొంగి చూసింది.

"మూలన కుడి పక్కని చూపించే ఆర్ అక్షరం తిరగబడి ఉందేంటండీ?"

లైకుల డాక్టరు ఫోను కోసం చెయ్యి చాపాడు. ఎవరూ ఆనవాలు పట్టకుండా బొమ్మని కుడిది ఎడమకి తిప్పాడు గానీ, దాంతోపాటు అక్షరమూ తిరుగుతుందన్న సంగతి ఆయనకి తట్టనే లేదు.

"ఇది నేను తీసిందే కదూ," అంది కోడలు. "పీకాలా వద్దా అని సలహా కోసం గ్రూపులో పెట్టాను."

లేదమ్మా, కేసు నాదే, పీకింది నేనే అని ఆయన నసిగాడు. వేరు పొడుగు మాత్రం ఎత్తలేదు.

పెద్ద డాక్టరుగారు ఫోను తిరిగిచ్చేసి, కప్పు పక్కన పెట్టి, తీరిగ్గా నోరు తెరిచి వేలితో లోపలికి చూపించారు.

"మొన్న నువ్వు పీకిన పన్ను ఇదే నాయనా. పొద్దున్నుంచీ ఒకటే సలుపు."