మళ్లీ మళ్లీ వజూ

కోట అనే ఊరి నుంచి బస్సులో ఆసుపత్రికి వచ్చిన పెద్దామె, నర్సమ్మ తలుపేసేదాకా నోరు విప్పలేదు.

“నమాజుకు వజూ చేసుకుంటానా, దగ్గొచ్చిందంటే చాలు, రెండు చుక్కలు ఉచ్చ పడిపోతాయి. వజూ చెడిపోయినట్టే, మళ్లీ మొదట్నుంచి కాళ్లూ చేతులూ కడుక్కోవాల. ఇంట్లోవాళ్లేమో నాకు భక్తి ఎక్కువైందనుకుంటా ఉండారు.”

“ఎన్ని కాన్పులక్కా?”

“ఏడు.”

“ఉచ్చ జారకుండా లోపల రబ్బరు రింగు పెట్టొచ్చు. లేదంటే ఆపరేషన్. ముందు మూడు నెలలు ఇది చేసి చూడు. ఉచ్చ ఆపుకున్నట్టు కింద బిగబట్టి, పది లెక్కపెట్టి వదలాల. రోజూ మూడు పూటలా.”

“నలుగురిలో చేస్తే తెలిసిపోదా?”

“తెలీదు. నేనిప్పుడు చేస్తానే ఉండా.”

ఆమె నర్సమ్మ మొహంలోకి పరీక్షగా చూసింది. ఏమీ తెలియలేదు.

“లెక్క ఎంతదాకా వచ్చిందమ్మా?”

“ఎనిమిది.”