జూలీకి నేనిచ్చిన మందు

"ఆదెమ్మవ్వా, షాపులో కుక్కలకని మూలికల పొడి అమ్ముతా ఉండారు, ఒంటికి బలమంట. మా నాయన అదంతా వద్దు, పోయి అవ్వని అడుగు అన్నాడు. నువ్వు కుక్కలకిచ్చే మందులో ఏమేం ఏస్తావో చెప్తావా?"

చెప్తాలేమ్మా, కూర్చో. ఆ సెల్లు యాడ పెడితే నా మాట బాగా పడతాదో ఆడ పెట్టుకో. నటేశన్ నగర్ నుంచి ఈ ఎండలో నడిచొచ్చినావా? ముందు మజ్జిగ తాగు. మీ నాయన ఉండాడే, వాడు చిన్నప్పుడు ఈ ఉప్పళంలో మా ఇంట్లోనే పడుండేవాడు. వాడికి నేనంటే గురి. నువ్వు బీకాం చదివినదానివి, నీకు డబ్బా కావాల. పరవాలేదు, డబ్బాని నేను తప్పు పట్టను. లోపల ఏముండాదో పైన రాసినారా లేదా? రాసినారు గదా. నా మందుకి యాభై ఏండ్లు రాత లేదు, మాట లేదు. ముందు ఆ సంగతి చెప్పాల నీకు.

మాది కిరుమాంబాక్కం. మా నాయన సేద్యగాడే గానీ, ఊరంతా ఆయన్ని పిలిచేది గొడ్ల మందుకి. ఆవు మేత ముట్టలేదన్నా, కడుపు ఉబ్బిందన్నా, ఈనినాక మాయ పడలేదన్నా వచ్చి పిల్చుకోని పొయ్యేవాళ్లు. కడలూరు రోడ్డు పొడుగునా ఆయన పేరు తెలుసు. డబ్బు ముట్టడు. తమలపాకులు పెడితే తీసుకుంటాడు, అప్పుడు కట్ట రెండణాలో మూడణాలో, సరిగ్గా గ్యాపకం లేదు. ఆ విద్య మా తమ్ముడికి నేర్పాల న్యాయానికి. వాడికేమో సైకిలు పిచ్చి. సైకిలు కూడా కాదు, మాకు యాడ సైకిలు, ఎవరి సైకిలు కనబడినా దాని బెల్లు కొట్టే పిచ్చి. అందుకని నాకు నేర్పినాడు. పన్నెండేండ్లు నాకు, కాదు కాదు, పదమూడు, దావణి, అదే ఓణీ, ఏసిన ఏడు. మా కర్రావు తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు తీసుకున్నాడు. "ఆకు పేరు బయట చెప్తే మందు చచ్చిపోతాది. రేపు నీ మొగుడికి కూడా చెప్పద్దు" అని.

చెప్పలా. మీ తాత, అదే మా ఇంటాయన, మిల్లులో పని చేసుకుంటా నాతో నలభై ఏండ్లు కాపురం చేసినాడు, పాపం ఒక్క ఆకు పేరు తెలీకుండానే పోయినాడు. నేను తలుపేసుకోని నూరతా ఉంటే బయటనించి "ఏందే, రసమా?" అనేవాడు. అవునండీ, రసమే అనేదాన్ని. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి నూరితే ఇంకేం వాసనొస్తాది చెప్పు.

అప్పుడు ఉప్పళంలో వీధికి నాలుగిళ్లలో అయినా ఆవులుండేవి. పోగా పోగా అవి తగ్గినాయి, కుక్కలొచ్చినాయి. ఆ తెల్ల బొచ్చుది, పామరేనియన్, యాడ చూసినా అదే. గొడ్లకి మందడిగినోళ్లే కుక్కలకీ అడిగినారు. ఒంటి మీద గజ్జికి వేపాకు, పసుపు నూరి కొబ్బరినూనెలో కలిపి పూస్తే తగ్గేది. చెయ్యి మంచిదన్నారు. పేరొచ్చేసరికి నాకు కాళ్లు భూమ్మీద ఆగలా, అది ఒప్పుకుంటా.

మా పక్కింట్లో భారతి టీచరు ఉండాది గదా, నువ్వు చూసినావు, కళ్లద్దాలు. పెండ్లి చేసుకోలా. స్కూలు, ఇల్లు, జూలీ. జూలీ అంటే ఆమె కుక్క. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి ఆ దినం జరిగిందంతా దానికి చెప్పేది. ఏ పిల్ల లెక్క తప్పు చేసింది, హెడ్‌మాస్టరు ఏమన్నాడు, అంతా. గోడ ఇవతల నాకూ వినబడేది. అది కూడా చెవులు నిక్కబెట్టుకోని వినేది. మా ఇంట్లో నా మాట అంత మర్యాదగా విన్నోళ్లు ఎవరూ లేరు.

సునామీ వచ్చిందే, దాని మరుసటేడు మే నెల కత్తిరి ఎండల్లో జూలీ తిండి మానేసింది. టీచరు వచ్చి అడిగింది. దానికేం, నేనుండాను గదా అన్నాను. మేత ముట్టని ఆవుకి ఏమిస్తానో అదే నూరినాను. ఆవుకైతే ఉండ నిమ్మకాయంత, దీనికి రేగ్గాయంత. అంతే నేను చేసిన మార్పు. ఉండ చిన్నది చేసినాను గానీ సరుకు మార్చలా. కుక్క ఏమన్నా చిన్న సైజు ఆవా? ఆ మాట అప్పుడు నాకు తోచలా.

మొదటి దినం బెల్లం పూసి నోట్లో పెడితే మింగింది, సాయంత్రం పాలన్నం తినింది. టీచరు నా రెండు చేతులూ పట్టుకునింది. ఇంకేం, మర్నాటి నుంచి పొద్దునొకటి, సాయంత్రమొకటి, ఉండ కూడా ఇంకొంచెం పెద్దది. ఐదు దినాలు ఇచ్చినాను. ఆరో దినం అది లేవలా. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాయి. ఉచ్చ కాఫీ రంగు.

వైరు బుట్టలో పెట్టుకోని ఆటోలో గొడ్ల ఆస్పత్రికి పోయినాం. ఆడ డాక్టరమ్మ, అప్పటికి ఇప్పటి నీకంటే రెండు మూడేండ్లు పెద్దదుంటాది, అంతే. చూసింది, ఇంటికాడ ఏమన్నా మందు ఇచ్చినారా అనింది. అక్క నాటు మందు ఇచ్చింది అని టీచరు నన్ను చూపించింది. అందులో ఏముండాయి పాటీ, అంటే అరవంలో అవ్వా, అని అడిగింది ఆ పిల్ల. ఆకులేనమ్మా, కీడు చేసేది ఏమీ లేదు అన్నాను. ఏ ఆకులు? అది చెప్పకూడదు అన్నాను.

కోప్పడలా ఆ పిల్ల. "పాటీ, దీని రక్తం విరిగిపోతా ఉంది. పిడుదులు కుట్టి వచ్చే జ్వరంలోనూ ఇట్లే ఉంటాది, తినకూడనిది తిన్నా ఇట్లే ఉంటాది. ఏదో తెలీకుండా నేను దేనికని మందు ఇవ్వాల?" అనింది.

నాకు కర్రావు తల మీద పెట్టిన చెయ్యి గుర్తుకొచ్చింది. చెప్తే మందు చస్తాది, చెప్పకపోతే జూలీ చస్తాది. నిజం చెప్పనా కవితా, నీ దగ్గర దాచేదేముంది. ఒట్టు సగమే. తక్కిన సగం సిగ్గు. నా మందుతోనే అయ్యిందని తెలిస్తే ఉప్పళంలో నేను మొహం యాడ పెట్టుకోవాల, అని. కుక్క ప్రాణం పోతా ఉంటే నేను నా పేరు గురించి ఆలోచిస్తా నిలబడినాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

టీచరు అరవలా, ఏడవలా. జూలీ తల ఒళ్లో పెట్టుకోని, "అక్కా, ఇన్నేండ్లలో నిన్ను ఏ దినమన్నా అడిగినానా? ఇప్పుడు అడగతా ఉండాను" అనింది.

చెప్పినాను. తమలపాకు, మిరియాలు, జీలకర్ర, పసుపు, నేలవేము, వెల్లుల్లి, చిన్న ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ అనేసరికి ఆ పిల్ల పెన్ను నిలిచిపోయింది. ఎంత ఏసినారు అనింది. ఉండలో సగం అదే అన్నాను. ఉల్లి, వెల్లుల్లి కుక్కకి పడవంట, పచ్చిదైనా ఉడికిందైనా రక్తాన్ని విరిచేస్తాయంట. ఆవుకి ఆ కొంచెం ఏమీ చెయ్యకపోవచ్చు, దీని ఒళ్లెంత, అనింది. సెలైను పెట్టింది, సూదులేసింది. దినామూ రావాల అనింది. దినామూ పోయినాం, బుట్ట నేనే మోసినాను. టీచరు నాతో అవసరానికి తప్ప మాట్లాడలా. మాట్లాడకపోవడమే న్యాయం. రెండు వారాలకి చిగుళ్లలో రంగొచ్చింది. ఒక సాయంత్రం గోడ అవతల టీచరు మళ్లీ స్కూలు కతలు మొదలుపెట్టింది. నేను పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి వింటా నిలబడినాను, పాలంతా పొంగిపోయినాయి.

కాబట్టి నీకు చెప్పేదేందంటే, నీ డబ్బాలో వెల్లుల్లి అని రాసుంటే షాపోడికే తిరిగిచ్చెయ్. గజ్జికి నేను చెప్పిన వేపాకు నూనె పుయ్యి, నాకకుండా చూసుకో. గుమ్మడికాయ ఉప్పు, కారం లేకుండా ఉడకబెట్టి అన్నంలో కలుపు, కడుపుకి మంచిది. ఒక దినం తినకపోతే చూడు, రెండో దినం ఆస్పత్రికి పో, నా కాడికి కాదు. ఇప్పుడు నేను ఏ ఆకైనా ఆ డాక్టరమ్మకి చూపించే ఇస్తాను. ఆమెకి తెలీని ఆకులు నా కాడ పదకొండు ఉండాయి, ఆమే రాసుకునింది. నా మందు తక్కువదేం కాదు.

అయినా ఒట్టు తప్పినానే అని భయముండేది. ఆ వానల్లో కిరుమాంబాక్కంలో మా తమ్ముడి ఆవు మేత మానేసింది. పోయినాను. ఈసారి తలుపెయ్యలా, మా మరదల్ని పక్కన కూర్చోబెట్టుకోని, ఇది ఇంత, అది ఇంత అని చెప్తా నూరినాను. సాయంత్రానికి ఆవు నెమరేసింది. మందు చావలా.

అప్పుడొచ్చింది నాకు కోపం, మా నాయన మీద. దూడ కంట్లో పువ్వు పడితే ఒక ఆకు పసరు పిండేవాడమ్మా, మూడు దినాల్లో పువ్వు కరిగిపొయ్యేది. అదొక్కటి నాకు చెప్పలా. తర్వాత చెప్తాలే, తర్వాత చెప్తాలే అన్నాడు. కడాకి చెప్దామనుకున్నప్పుడు నోరు పడిపోయింది. పొలం గట్టు పక్కకి చెయ్యి చూపించినాడు. గట్టు మీద ఎన్ని ఆకులు! ఒక్కొక్కటే పెరికి తెచ్చి చూపించినాను, అప్పటికి చూపు కూడా ఆనలా ఆయనకి. ఇప్పటికీ ఆ గట్టు మీద అది మొలస్తానే ఉంటాది. ఊరికి పోయినప్పుడంతా నేను దాన్ని తొక్కుకుంటానే నడుస్తా ఉంటాను, ఏదో తెలీకుండా.

తెలుగులోనో అరవంలోనో, నీకొచ్చిన రాతలో రాసుకో. అడిగినోళ్లకంతా చెప్పు. నీకు తెలిసింది నీతోనే పోకుండా ఉండనీ, తల్లీ.